రాకాసుల ఆటకు ఏడాది పద్దు: మూడు పుస్తకాలు, ఒక చందా, ఒక ఫ్లెక్సీ

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు 2024 నుంచి వెలువడిన కొత్త కూర్పులోని మూడు ప్రధాన పుస్తకాలనూ, వాటికి తోడుగా నడిచే డీ అండ్ డీ బియాండ్ అనే ఆన్‌లైన్ చందానూ విజయనగరంలో మా బృందం కొని, ఏడాది పాటు వాడి, ప్రతి ఖర్చునూ పద్దు రాసిన మీదట రాస్తున్న సమీక్ష ఇది. ఈ పుస్తకాల గుణదోషాలను చర్చించిన సమీక్షలకు కొదవ లేదు. అయితే వాటిలో చాలా భాగం పుస్తకం చేతికందిన కొద్ది రోజుల్లోనే, కాగితం వాసన పోకముందే రాసినవి కావడం వల్ల, పెట్టిన డబ్బుకు తగిన వాడకం దొరికిందా లేదా అన్నది వాటిలో తేలదు. నెల జీతం మీద బతికే మనబోటివాళ్లు ముందుగా అడగవలసింది అదే.

ఆట సంగతి తెలియనివారికి రెండు మాటలు. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఒకరు డంజియన్ మాస్టర్‌గా, అంటే డీఎంగా, కథ నడుపుతారు. మిగతావారు తలా ఒక పాత్రను ధరించి ఆ కథలో ఏం చేస్తారో నోటితో చెబుతారు. చేసిన పని నెగ్గిందో లేదో పాచిక తేలుస్తుంది. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో టీఎస్సార్ సంస్థ ద్వారా వెలువడింది. 1997లో టీఎస్సార్‌ను విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనగా, 1999లో ఆ సంస్థను బొమ్మల వ్యాపారంలో ఉన్న హాస్‌బ్రో కొన్నది. మా బృందంలో ఆరుగురం. ఇద్దరం ఉపాధ్యాయులం, ఒకరు మందుల దుకాణం నడుపుతారు, ఒకరు బ్యాంకులో పనిచేస్తారు, మిగిలిన ఇద్దరూ డిగ్రీ చదువుతున్న కుర్రాళ్లు. కోటకు దగ్గర్లో ఉన్న ఒక మిత్రుని ఇంటి మేడమీది గదిలో ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటాం. కథ నడిపేదీ, పద్దు రాసేదీ నేనే.

పద్దు రాసే తీరు ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ సమీక్షలోని మంచి చెడ్డలన్నీ దాని మీదే నిలుస్తాయి. గంటస్తంభం దగ్గర స్టేషనరీ దుకాణంలో కొన్న ఎర్ర అట్ట పొడుగు పుస్తకంలో తేదీ, వస్తువు, సొమ్ము, ఎవరిచ్చారు అన్న మామూలు గడులతో పాటు మరొక గడి గీశాను. ఆ వస్తువును బల్ల మీద నిజంగా తెరిచి వాడిన ప్రతి సెషన్‌కూ ఆ గడిలో ఒక గీత పడుతుంది. ఇంట్లో పడుకునే ముందు తిరగేసినదానికి గీత లేదు. వస్తువు ధరను ఆ గీతలతో భాగిస్తే ఒక్కో వాడకానికి ఎంత పడిందో వస్తుంది, దాన్ని బృందంలోని తలలతో భాగిస్తే ఒక మనిషికి ఎంతో తేలుతుంది. కంప్యూటర్‌లో షీటు పెట్టుకుంటే కూడికలు దానంతట అదే చేసుకుంటుంది గాని, బల్ల మీద అందరి ఎదుటా తెరిచి ఉంచిన పుస్తకంలో గీత గీయడానికి ఉన్న నిష్పాక్షికత దానికి లేదు. ఎవరైనా "ఈ రోజు ఆ పుస్తకం తీశామా?" అని అడగవచ్చు, అడిగారు కూడా.

డాలర్లలో జరిగిన కొనుగోళ్ల విషయంలో ఒక కట్టుబాటు అవసరమైంది. వెబ్‌సైటులో కనిపించే డాలర్ల ధరను ఆనాటి మారకపు రేటుతో గుణించి రాస్తే లెక్క ఎప్పుడూ తక్కువగానే వస్తుంది, ఎందుకంటే విదేశీ చెల్లింపులపై కార్డు ఇచ్చిన బ్యాంకు మారకపు రుసుము వేస్తుంది, ఆ రుసుముపై మళ్లీ 18 శాతం జీఎస్టీ పడుతుంది. మేం వాడిన కార్డుకు ఆ రుసుము మూడున్నర శాతం. జీఎస్టీ కలిపితే నాలుగు శాతం దాటుతుంది. అందువల్ల కార్డు స్టేట్‌మెంటులో రూపాయల్లో పడిన అంకెనే పద్దులోకి ఎక్కించాం. అచ్చు పుస్తకాల దగ్గర ఈ తలనొప్పి లేదు. వాటిపై జీఎస్టీ ఉండదు. 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాలపై విధించిన 5 శాతం సుంకం వంటివన్నీ అమ్మకందారు ధరలోనే కలిసిపోయి వస్తాయి.

ఇక పుస్తకాలు. మొదటిది ప్లేయర్స్ హ్యాండ్‌బుక్. 2024 సెప్టెంబరులో 49.99 డాలర్ల ధరతో వచ్చింది, 384 పుటలు, నున్నటి మందపాటి కాగితం, పుటపుటకూ రంగుల బొమ్మలు. మన దగ్గరకు వచ్చేసరికి నాలుగు వేల రూపాయలకు అటూ ఇటూ పడుతుంది. ఈ జిల్లాలో ఏ పుస్తకాల దుకాణంలోనూ నాకు కనబడలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసిందే. మొదట వచ్చిన ప్రతికి అట్ట మూల నలిగి ఉంటే తిప్పి పంపాం. అంత బరువైన పుస్తకాన్ని పలచని ప్లాస్టిక్ సంచిలో పెట్టి పంపిన అమ్మకందారు, రెండోసారి అట్టపెట్టెలో పంపాడు. ఆ తేడా వల్ల ఆట రెండు వారాలు ఆగింది గాని డబ్బు నష్టం లేదు.

పుస్తకంలో 12 క్లాసులు, అంటే యోధుడు, మాంత్రికుడు వంటి వృత్తులు, ఒక్కో క్లాసుకు నాలుగు చొప్పున 48 సబ్‌క్లాసులు, అంటే ఆ వృత్తుల్లోని శాఖలు, 10 జాతులు, 16 నేపథ్యాలు ఉన్నాయి. ఈ అంకెల కంటే మాకు ఎక్కువగా పనికొచ్చింది అమరిక. 2014 నాటి కూర్పు నేరుగా పాత్రను తయారు చేసుకోవడంతో మొదలయ్యేది, అసలు ఆట ఎలా ఆడాలో తరువాతెప్పుడో వచ్చేది. కొత్తదానిలో ఆట ఆడే తీరు మొదటి అధ్యాయంలోనే ఉంది, పాత్ర తయారీ దాని వెనుక వస్తుంది. చివరి అనుబంధంలో నియమాలన్నిటికీ అక్షరక్రమంలో ఒక పదకోశం పెట్టారు. పోరు మధ్యలో ఒక కుర్రాడు "నేను ఆ దొంగను ఒడిసిపట్టుకుంటాను" అన్నాడనుకోండి. పాత పుస్తకంలో ఆ నియమం ఎక్కడుందో వెతికి, ఇద్దరి చేతా పాచికలు వేయించి, పోటీగా సరిచూడవలసి వచ్చేది. ఇప్పుడు పదకోశంలో వేలు పెట్టి చూస్తే సరిపోతుంది. పట్టుకునేవాడి బలాన్ని బట్టి ఒక అంకె ముందే తేలి ఉంటుంది, తప్పించుకునేవాడు ఒక్కడే పాచిక వేస్తాడు. గాయాలు మాన్పే మంత్రాలకు బలం పెరిగింది, మందు సీసా తాగడానికి పాత్ర తన ప్రధాన చర్యను వదులుకోనక్కర లేదు. వైద్యుని పాత్ర వేసే మా మందుల దుకాణం ఆయన ఈ రెండు మార్పులనూ చూసి, పుస్తకం మొత్తం ధర ఇక్కడే గిట్టిందని తేల్చేశారు.

గీతల గడి కూడా ఆయన పక్షమే. ఏడాదిలో ఈ పుస్తకం బల్ల మీదికి రాని సెషన్ లేదనే చెప్పాలి. నెలకు మూడు ఆదివారాలు కూర్చున్నామని వేసుకున్నా, నాలుగు వేల పుస్తకం ఒక్కో సెషన్‌కు నూట పది రూపాయలు, తలకు ఇరవై రూపాయల లోపు పడింది. మూడు లాంతర్ల దగ్గర బండి మీద మిరపకాయ బజ్జీలు అంతకంటే ఎక్కువకు తింటాం. లోపం చెప్పవలసి వస్తే, పుస్తకం బరువు. ఆరుగురి చేతులు మారే పుస్తకానికి ఈ బైండింగు మూడేళ్లు నిలుస్తుందా అన్న సందేహం నాకుంది. మంత్రాల అధ్యాయం దగ్గర వెన్ను అప్పుడే కొంచెం సడలింది. ప్లాస్టిక్ అట్ట వేయించి, మంత్రాల పుటలకు రంగు కాగితపు చీటీలు అంటించాం.

రెండోది డంజియన్ మాస్టర్స్ గైడ్. 2024 నవంబరులో వచ్చింది, అదే ధర, అవే 384 పుటలు. పుస్తకంగా దీన్ని తప్పుపట్టడానికి లేదు. మొదటిసారి కథ నడిపేవారికి చేయి పట్టుకుని నేర్పించినట్టు ఉంటుంది, అయిదు చిన్న సాహసకథలు సిద్ధంగా ఇస్తుంది, పాతకాలపు గ్రేహాక్ లోకాన్ని పరిచయం చేస్తూ పెద్ద పటం కూడా జత చేసింది, పాత్రలు తమకంటూ ఒక కోటనో సత్రాన్నో కట్టుకుని నడుపుకునే ఏర్పాటును కొత్తగా చేర్చింది. మాయావస్తువుల అధ్యాయమైతే పుస్తకంలో చాలా చోటు ఆక్రమిస్తుంది. కానీ దీనికి పద్దులో పడ్డ గీతలు చేతి వేళ్లతో లెక్కపెట్టగలిగినన్నే. ఇది నేను ఇంట్లో చదువుకుని వచ్చే పుస్తకం, బల్ల మీద తెరిచే పుస్తకం కాదు. ఈ అంకె చూసిన మా డిగ్రీ కుర్రాడొకడు, "మాస్టారూ, ఇది మీరొక్కరే చదువుతారు కదా, మరి డబ్బులు మా అందరి దగ్గరా తీసుకున్నారేటండీ?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ నెల నుంచి ఈ పుస్తకం ధరలో సగం నా ఖాతాలోకి మార్చి, మిగతా సగాన్నే అయిదుగురికీ పంచాం. ఇంతకు ముందు ఒకటి రెండేళ్లు కథ నడిపిన అనుభవం ఉన్నవారు దీన్ని కొనకుండా గడుపుకోవచ్చని, కొత్తగా నడపబోయేవారు మాత్రం కొనుక్కోవచ్చని నా అభిప్రాయం.

మూడోది 2025 ఫిబ్రవరిలో వచ్చిన మాన్‌స్టర్ మాన్యువల్. రాకాసులు, భూతాలు, పిశాచాలు, జంతువులు కలిపి అయిదు వందలకు పైగా ఉన్నాయి. ప్రతి రాకాసికీ ఎవరు ముందు కదలాలో తేల్చే అంకెను ఈసారి దాని వివరాల పెట్టెలోనే అచ్చువేశారు. వెనుక ఇచ్చిన పట్టికల్లో అవి నివసించే చోటును బట్టి, వాటి బలాన్ని బట్టి వెతుక్కోవచ్చు. పాత్రలు అనుకోకుండా అడవిదారి పట్టిన రోజున, టీ కప్పు పక్కన పెట్టి మళ్లీ అందుకునేలోపు నాకు తగిన రాకాసి దొరికేది. గీతలు దండిగా పడ్డాయి. బొమ్మల కోసమే కుర్రాళ్లు దీన్ని ఎక్కువగా తిరగేస్తారు, ఆ తిరగేతకు గీత లేదని చెబితే అలుగుతారు.

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఈ ఆట నియమాల సారం ఉచితంగా దొరుకుతుంది. ఈ నియమాలను వాడుకుని ఇతరులు సొంత పుస్తకాలు అచ్చువేసుకునేందుకు 2000 నుంచి అమల్లో ఉన్న ఓపెన్ గేమ్ లైసెన్సు అనే అనుమతిని మార్చబోతున్నారన్న వార్త 2023 జనవరిలో బయటపడి, ఆటగాళ్లూ చిన్న ప్రచురణకర్తలూ గట్టిగా ఎదురు తిరగడంతో, విజర్డ్స్ సంస్థ ఆ ప్రయత్నాన్ని మానుకుని, అదే నెలలో ఎస్సార్డీ 5.1 అనే నియమాల సంగ్రహాన్ని క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత వాడకపు అనుమతి కింద అందరికీ వదిలేసింది. 2024 కూర్పుకు సంబంధించిన ఎస్సార్డీ 5.2 కూడా 2025 ఏప్రిల్‌లో అదే పద్ధతిలో వచ్చింది. వందల పుటల పీడీఎఫ్ అది. పైసా ఇవ్వకుండా దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు కూడా. క్లాసులన్నీ అందులో ఉన్నాయి, కాకపోతే ఒక్కో క్లాసుకు నాలుగు బదులు ఒక్క సబ్‌క్లాసే ఇచ్చారు. బొమ్మలు లేవు, రాకాసుల్లో కొన్ని పేరుమోసినవి లేవు.

అలాంటప్పుడు నాలుగు వేలు పెట్టి పుస్తకం ఎందుకు కొనాలి? పుస్తకాలు కొనకముందు మేం మూడు నెలలు ఉచిత పీడీఎఫ్‌తోనే ఆడాం. అందులో పోరాట నియమాలున్న పుటలను కాలేజీ దగ్గర జిరాక్సు తీయించి, స్పైరల్ బైండింగు చేయించుకున్నాం. ఆ ఖర్చు రెండు వందలు దాటలేదు, ఆ ప్రతికి ఇప్పటికీ గీతలు పడుతున్నాయి. పద్దులో అన్నిటికంటే గిట్టుబాటైన వస్తువు అదే, అందులో అనుమానం లేదు. అయితే కొత్తగా వచ్చిన మనిషికి ఆ జిరాక్సు కట్ట ఇస్తే ఆట అర్థం కాదు. అచ్చు పుస్తకం ఇస్తే బొమ్మ చూసి, "నేను ఈయన్ని అవుతాను" అని వేలు పెట్టి చూపిస్తాడు. పుస్తకానికి ఇచ్చే నాలుగు వేలలో ఎక్కువ భాగం ఆ వేలు కిందికే పోతుందని నా నమ్మకం. బృందంలో అందరూ ఆరితేరినవారే అయితే ఆ ఖర్చు అక్కర్లేదు. కొత్తవారు వస్తూ పోతూ ఉంటే ఒక ప్రతి చాలు. ఆరుగురికీ ఆరు ప్రతులు కొనడం మాత్రం ఏ లెక్కన చూసినా దండగ.

చందా దగ్గరకు వస్తే నా మాట కొంచెం కటువుగానే ఉంటుంది. డీ అండ్ డీ బియాండ్ 2017లో మొదలైంది. 2022లో హాస్‌బ్రో దాన్ని ఫ్యాండమ్ సంస్థ నుంచి 14.63 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. ఉచిత ఖాతాతో ఆరు పాత్రల వరకు దాచుకోవచ్చు. హీరో అనే మెట్టుకు నెలకు 2.99 డాలర్లు, మాస్టర్ అనే మెట్టుకు 5.99 డాలర్లు, ఏడాదికి ఒకేసారి కడితే మాస్టర్ మెట్టు 54.99 డాలర్లు. ఫోనులోనే పాత్ర పత్రం తయారవుతుంది, కూడికలు తీసివేతలు అదే చేస్తుంది, పాచికలు కూడా తెర మీద దొర్లిస్తుంది. పని తీరు బాగుంది. అయితే మొదటిసారి చేరేవారు గమనించని సంగతి ఒకటుంది. చందా కట్టినంత మాత్రాన పుస్తకాలు చేతికి రావు. అచ్చు పుస్తకం కొన్నవారు కూడా డిజిటల్ ప్రతిని విడిగా, సుమారు 30 డాలర్లు పెట్టి కొనాలి. మాస్టర్ మెట్టు ఇచ్చే ప్రధాన సదుపాయం, ఒకరు కొన్న డిజిటల్ పుస్తకాలను బృందంలో అందరూ వాడుకోనివ్వడం. అంటే పంచుకోవడానికి ముందు పుస్తకం కొనాలి, పంచుకున్నందుకు మళ్లీ చందా కట్టాలి.

ఒకప్పుడు ఒక్క సబ్‌క్లాసు కావాలంటే పుస్తకం మొత్తం కొనకుండా ఆ ముక్క ఒక్కటే కొద్దిపాటి డాలర్లకు కొనుక్కునే వీలుండేది. మన బోటి బృందాలకు అది చక్కటి సదుపాయం. 2024 వసంతంలో దాన్ని తీసేశారు. అదే ఏడాది ఆగస్టులో, పాత్ర పత్రాల్లోని పాత మంత్రాలనూ మాయావస్తువులనూ కొత్త కూర్పుకు మార్చేస్తామని ప్రకటించి, డబ్బిచ్చి కొనుక్కున్నవారు గోల చేయడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. వెనక్కి తగ్గారు కాబట్టి నష్టం జరగలేదు, నిజమే. కానీ అల్మరాలో ఉన్న అచ్చు పుస్తకాన్ని ఎవరూ రాత్రికి రాత్రి మార్చలేరన్న సంగతి ఆ ప్రకటనతో నాకు బాగా తలకెక్కింది. మా పద్దులో ఏడాది చందాకు కార్డు రుసుములతో కలిపి అయిదు వేల దరిదాపు పడింది. బృందంలో దాన్ని ఫోనులో క్రమం తప్పకుండా వాడింది ముగ్గురే. మిగిలిన వాళ్లం పెన్సిలూ రబ్బరుతోనే కానిచ్చాం. అచ్చు పుస్తకం కంటే ఎక్కువ డబ్బు, దానిలో సగం వాడకం.

చందా విషయంలో మన రిజర్వు బ్యాంకుకు ఒక నమస్కారం పెట్టాలి. కార్డు మీద వాటంతట అవే కోసుకునే చెల్లింపులకు 2021 అక్టోబరు 1 నుంచి ముందస్తు అనుమతి నమోదు తప్పనిసరి అయింది. సొమ్ము తీసుకోవడానికి 24 గంటల ముందు సందేశం రావాలి. ఈ నిబంధన వల్ల విదేశీ చందాలు ఆగిపోయి ఇబ్బంది పడ్డామని చాలామంది సణుగుతారు. మాకు మాత్రం ఆ సందేశమే ఏడాదికి ఒకసారి పద్దు తెరిచి, ఇది ఇంకా అవసరమా అని బల్ల చుట్టూ అడిగే అవకాశం ఇచ్చింది. ఈసారి చేతులెత్తినవారు చాలక, చందాను రద్దు చేశాం. ముగ్గురికీ ఉచిత ఖాతాలోని ఆరేసి పాత్రలు సరిపోతాయి.

పాచికల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఏడు పాచికల సెట్టులో నాలుగు, ఆరు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాలవి ఒక్కొక్కటి, పది ముఖాలవి రెండు ఉంటాయి. మామూలు ప్లాస్టిక్ సెట్టు మూడు నాలుగు వందలకు వస్తుంది. లోహపు పాచికలు చేతికి హాయిగా ఉంటాయి గాని టేకు బల్లకు గాట్లు పెడతాయి. ఇంటివారు చూసిన రోజున వాటిని పెట్టెలో పెట్టేశాం. పాచికల చప్పుడు విని శకునిని తలుచుకునే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు కనుక, కింద పాత దుప్పటి పరవడం రెండు విధాలా క్షేమం.

ఏడాది మొత్తంలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన కొనుగోలు పోరాట పటం. విదేశాల నుంచి తెప్పించే చుట్టచుట్టే వినైల్ పటాలు వేలల్లో ఉంటాయి. మేం అంగుళం గడుల గళ్లకాగితం బొమ్మను కంప్యూటర్‌లో గీసి, పెన్‌డ్రైవులో పెట్టుకుని, ఫ్లెక్సీలు వేసే దుకాణానికి పట్టుకెళ్లాం. ఆటలో ఒక్కో అంగుళం గడి అయిదు అడుగుల నేలతో సమానం. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఫ్లెక్సీకి రెండు వందల లోపే అయింది. అక్కడి కుర్రాడు ఎవరి ఫొటో వేయాలని రెండుసార్లు అడిగాడు; ఫొటో లేదు, గడులే అంటే నమ్మలేక యజమానిని పిలిచాడు. నేపథ్యాన్ని తెల్లగా కాకుండా లేత మట్టిరంగులో, గీతలను నల్లగా కాకుండా ముదురు గోధుమ రంగులో వేయించుకుంటే కళ్లకు హాయిగా ఉంటుంది. ఫ్లెక్సీ మీద మార్కరుతో నేరుగా రాస్తే మరక పోదు, కాబట్టి పైన పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిచి దాని మీద గీయాలి. తడిగుడ్డతో తుడిస్తే గోడలూ గుమ్మాలూ మాయం. పాత్రలకు చిన్న బొమ్మలు కొన్నాం గాని, శత్రువులకు చింతపిక్కలే. పగిలిన పిక్క గాయపడిన శత్రువు.

తిండి ఖర్చును కలపాలా వద్దా అన్నదానిపై బృందంలో పెద్ద వాదమే నడిచింది. ఆట లేకపోయినా ఆదివారం సాయంత్రం బజ్జీలు తింటామని ఒక వర్గం, ఆట లేకపోతే ఆరుగురం ఒకచోట కూర్చోమని మరొక వర్గం. చివరికి విడి గడిలో రాశాం. టీ, పునుగులు, మిక్చరు, వేసవిలో నిమ్మసోడాలు కలిపి ఏడాది చివర కూడితే, మూడు పుస్తకాల ధరకు దాదాపు సమానంగా తేలింది. ఈ అంకె చదివి వినిపించినప్పుడు పుస్తకాలు ఖరీదైనవని అప్పటిదాకా వాదించిన బ్యాంకు ఉద్యోగి మాట మార్చి, పునుగుల నాణ్యత గురించి మాట్లాడారు.

దీని పక్కనే రాయవలసిన సున్నా ఒకటుంది. ముద్రించిన పెద్ద సాహసకథ పుస్తకం ఒక్కొక్కటి మరో నాలుగు వేలు. మేం అది కొనకుండా మన జిల్లా చరిత్రనే పట్టుకున్నాం. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనాని బుస్సీ, పూసపాటి విజయరామరాజు కలిసి చేసిన దాడి, రంగారావు ప్రతిఘటన, ఆ తరువాత తాండ్ర పాపారాయుడు శత్రువు గుడారంలో చొరబడి విజయరామరాజును హతమార్చడం: ఇంతకంటే పకడ్బందీ కథ ఏ పుస్తకంలో దొరుకుతుంది? అయితే విజయనగరంలో కూర్చుని, బొబ్బిలి అల్లుడొకడు బల్ల దగ్గర ఉండగా, ఆ పేర్లతోనే ఆడడం మర్యాద కాదనిపించి, రెండు రాజ్యాలకూ ఊహా నామాలు పెట్టాం, ఫిరంగుల బదులు డ్రాగన్‌ను దింపాం. కోట గోడ బయట ఉన్న ముట్టడి సైన్యంలోంచి రాత్రివేళ బయటపడి ఒక లేఖ చేరవేయడమే కథ. నెలల తరబడి నడిచింది. డబ్బు ఖర్చు లేదు గాని నా రాత్రులు చాలా పోయాయి. రోజంతా బడిలో పాఠాలు చెప్పి ఇంటికొచ్చి కథ అల్లే ఓపిక లేనివారికి కొన్న పుస్తకమే మేలు. అప్పుడు ఆ నాలుగు వేలు కూలి కింద లెక్క.

దూరం వెళ్లిన సభ్యుల కోసం ఆన్‌లైన్ బల్ల కూడా చూశాం. 2012 నుంచి ఉన్న రోల్20లో ఉచిత ఖాతాతోనే పటం, పాచికలు నడుస్తాయి. ఫౌండ్రీ అనే అలాంటి మరో ఆన్‌లైన్ బల్లకు నెలవారీ చందా లేదు, ఒక్కసారి కొంటే చాలు, అదీ కథ నడిపేవారు ఒక్కరే. మిగతావారు బ్రౌజరులో చేరిపోతారు. ధర 50 డాలర్లు. పద్దు దృష్టితో చూస్తే నాకు ఇలాంటి అమ్మకమే నచ్చుతుంది. కానీ మా అవసరం అప్పుడప్పుడే కనుక ఈ ఏడాదికి ఉచితమైనదానితోనే సరిపెట్టాం.

కొత్త ఏడాది పుస్తకంలో చందాకు వరుస లేదు, రెండో ఫ్లెక్సీకి ఉంది, ఈసారి నది పటం. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌కు బైండింగు మరమ్మతు కింద కొంత పెట్టాం. ఇంకొక కట్టుబాటు కూడా చేసుకున్నాం. ఉమ్మడిగా కొన్న పుస్తకం ధరను మూడేళ్లకు పంచి రాస్తాం. మధ్యలో ఊరు విడిచి వెళ్లేవారికి మిగిలిన ఏళ్ల వాటాను ఉమ్మడి సొమ్ములోంచి తిరిగి ఇస్తాం, పుస్తకం మాత్రం బృందంతోనే ఉంటుంది. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న కుర్రాడు పరీక్షలవగానే హైదరాబాదు వెళ్తానంటున్నాడు. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో అతని వాటా ఆరు వందల అరవై ఏడు రూపాయలు, తిరిగి ఇవ్వవలసింది అందులో మూడింట రెండు వంతులు. మాన్‌స్టర్ మాన్యువల్‌కూ అంతే, డీఎం పుస్తకానికి అంతకంటే తక్కువ. ఆ సొమ్ము కోసం నెలకు కొంత ఇప్పటి నుంచే పక్కన పెడుతూ, పద్దులో దానికి విడిగా ఒక ఖాతా తెరిచాం.